కొత్తగా పల్లె బడిలో చేరాను: చదువు ముందా, పిల్లల మనసు ముందా, యాక్టివిటీలు ముందా?

మేడమ్, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో ఎంపికై 2025 అక్టోబరులో ఒక పల్లె జడ్పీ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరారు. 6, 7, 8 తరగతుల్లో సగానికి పైగా పిల్లలు పాఠం తడుముకోకుండా చదవలేకపోతున్నారు. ముగ్గురు నలుగురు అసలు నోరు విప్పరు. ఏడో తరగతిలో ఒక పాప కారణం చెప్పకుండా ఏడుస్తూ ఉంటుంది. ఇంకో పక్క శనివారం నో బ్యాగ్ డే, క్లబ్బులు, వాటి ఫొటోలు. తల్లిదండ్రులేమో "ఆటలు తర్వాత, ముందు చదువు చెప్పండి" అంటున్నారు. ఉన్న టైములో దేన్ని ముందు పట్టుకోవాలి?

సూటిగా చెప్తాను. ముందు చదవడం. రోజూ ఒక గంట, తరగతితో సంబంధం లేకుండా, పిల్లల స్థాయిని బట్టి. అయితే ఆ గంట ఫలించాలంటే చదవడం రాని పిల్లలకు బడిలో తలెత్తుకుని చేసే పని ఇంకొకటి ఉండాలి. అది తోటపని కావచ్చు, ఖోఖో కావచ్చు, గంట కొట్టడం కావచ్చు. మన బళ్లలో యాక్టివిటీలన్నీ చదువొచ్చిన పిల్లలకే పోతాయి. స్పీచ్ వాళ్లదే, డాన్స్ వాళ్లదే, సైన్స్ ఫెయిర్ వాళ్లదే. మిగతావాళ్లు ఎండలో కూర్చుని చప్పట్లు కొడతారు. దీన్ని తిరగేయండి, మీరు అడిగిన మూడు పనులూ చాలావరకు ఒకే పని అయిపోతాయి.

నా సంగతి కొంచెం. కర్నూలు జిల్లా ఆదోని డివిజన్లో 24 ఏళ్లు పనిచేశాను. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పల్లెలు. మొదట తెలుగు స్కూల్ అసిస్టెంటుగా, చివర్లో హెచ్ఎంగా. కాబట్టి నేను చెప్పేది పత్తి చేల మధ్య, సగం కన్నడం మాట్లాడే ఊళ్లలో నేర్చుకున్నది. మీది ఏజెన్సీ అయినా, గోదావరి లంక అయినా కొన్ని మార్చుకోవాలి.

ముందు ఒక విషయం. పిల్లల్ని చూసి బెంగ పెట్టుకోకండి, పాత టీచర్లను తిట్టుకోకండి. ఈ 2025-26లో మీ ఆరో తరగతిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది 2020-21లో ఒకటో తరగతి. ఆ ఏడాది మన రాష్ట్రంలో ప్రైమరీ పిల్లలకు బడి తెరిచింది 2021 ఫిబ్రవరి 1న, మళ్లీ ఏప్రిల్లో మూశారు. అంటే వాళ్ల ఒకటో తరగతి మూడు నెలలు కూడా నిండలేదు. రెండో తరగతికి ఆగస్టు 16న వచ్చారు. ఆ రోజుల్లోనే కొత్తగా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు చేతికొచ్చాయి. అక్షరం గట్టిపడాల్సిన ఆ రెండేళ్లు ఇలా చేజారాయి. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2022లో చేస్తే, దేశం మొత్తం మీద పల్లెల ప్రభుత్వ బళ్ల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 16.3 శాతమే. 2024కి అది 23.4 అయింది. ఆ 2022 మూడో తరగతి పిల్లలే ఈ ఏడాది మీ ముందు ఆరో తరగతి బెంచీల మీద కూర్చున్నారు.

ఇప్పుడు పని.

మొదటి రెండు వారాలు ఏమీ మొదలుపెట్టకండి, చూడండి. పిల్లల్ని ఒక్కొక్కరిగా వరండా చివరికి పిలవండి, మిగతావాళ్లకు వినపడనంత దూరం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. ఒక కాగితం మీద మెట్లు రాసుకోండి: విడి అక్షరాలు, గుణింతాలతో చిన్న పదాలు (మేక, గాలి, కూలి), ఒత్తులున్న పదాలు (పుస్తకం, విద్యార్థి), నాలుగు వాక్యాల పేరా, పది వాక్యాల కథ. పిల్లవాడు ఎక్కడ ఆగితే ఆ మెట్టు పేరు పక్కన రాసుకోండి. మార్కు వేయకండి.

పాఠ్యపుస్తకంతో మాత్రం పరీక్షించకండి. మన పిల్లలు పాఠం కంఠతా పట్టి, వరసల కింద వేలు జరుపుతూ, అచ్చం చదివినట్టే వినిపిస్తారు. నేను ఒక తరగతి చేతిలో మూడు నెలలు మోసపోయాను. ఒకరోజు ఎందుకో పేజీ కింది వరస నుంచి పైకి చదవమన్నాను. సగం క్లాసు నిలబడిపోయింది.

పరీక్ష పెట్టాక మీకు ఒక సంగతి తెలుస్తుంది. అసలు అక్షరాలే రానివాళ్లు మీరు భయపడినంతమంది ఉండరు. ఎక్కువమంది ఆగేది ఒత్తుల దగ్గర. అందులోనూ తన ఆకారం మార్చుకునే ఒత్తుల దగ్గర: త, న, మ, య, ర, ల. 'కుక్క' అనే పిల్లాడే 'వస్త్రం' దగ్గర 'వసత' అని ఆగిపోతాడు. ఇంకొందరు ఘ, ఝ, బ, భ, వ, ప కలిపేసుకుంటారు. ఈ రకం పిల్లలు గట్టిగా నాలుగైదు వారాలు కూర్చోబెడితే దారికొస్తారు. ఏడేళ్లుగా ఎవరూ అక్కడ ఆగి చూడలేదు, అంతే.

ఈ రెండు వారాల్లో ఇంకో పని కూడా చేయండి. బోర్డు మీద ఐదు పదాలు రాసి, చివరి బెంచీ నుంచి చదవమనండి. తర్వాత అవే పదాలు చీటీ మీద రాసి చేతికివ్వండి. రెండింటికీ తేడా ఉంటే అది చదువు సమస్య కాదు, కళ్ల సమస్య. ఆరో తరగతి పిల్లాడొకణ్ని మేము అరసంవత్సరం పాటు 'శ్రద్ధ లేదు' అని తిట్టాం. పీహెచ్‌సీలో కంటి పరీక్ష చేయిస్తే అద్దాలు పడ్డాయి. అద్దాలొచ్చాక ఇంకో తంటా: క్లాసులో 'డాక్టరూ' అని ఏడిపించారని తీసి జేబులో పెట్టుకునేవాడు. నేను నా కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయానని చెప్పి, బోర్డు మీద రాసింది రోజూ వాడి చోటు నుంచే వాడితో చదివించుకున్నాను. బోర్డు చదవాలంటే అద్దాలు పెట్టుకోక తప్పదు కదా. రెండు వారాలకు ఆ ఏడిపింపు ఆగిపోయింది. నేను ఇన్నిసార్లు అద్దాలు ఎలా మర్చిపోతున్నానని మా అటెండరు ఒక్కడే అనుమానంగా చూసేవాడు.

ఇక గుంపులు. 6, 7, 8 కలిపి, పొద్దున మొదటి గంట, మెట్టును బట్టి మూడు గుంపులు. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చాలా ఏళ్లుగా చేస్తున్న పద్ధతి ఇదే: పిల్లవాడి తరగతిని పక్కనపెట్టి, వాడున్న చోటు నుంచి నేర్పడం. దీనికి హెచ్ఎం గారి ఒప్పుదల, ఇద్దరు తోటి టీచర్ల సాయం కావాలి. వాళ్లు ఒప్పుకోకపోతే మీ తెలుగు పీరియడ్లు, మధ్యాహ్న భోజనం తర్వాత ఇరవై నిమిషాలు మీ చేతిలో ఉన్నాయి. దాంతోనే మొదలుపెట్టండి. రెండు నెలల తర్వాత పిల్లల్ని వాళ్ల ముందు చదివించండి, గంట అదే వస్తుంది.

గుంపుల విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, మీరు చేయకుండా. మొదటిసారి గుంపులు కట్టినప్పుడు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టి, జాబితా నోటీసు బోర్డు మీద అతికించాను. పద్ధతిగా చేస్తున్నానని గర్వం కూడా. రెండు వారాల్లో 'సీ' గుంపు హాజరు సగానికి పడిపోయింది. ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు, మీసాలు మొలుస్తున్న వయసు, తన చెల్లెలు 'బీ'లో, తను 'సీ'లో. వాడు పత్తి చేలోకి పోయాడు, ఆ ఏడాది మళ్లీ రాలేదు. ఇంటికి వెళ్తే వాళ్లమ్మ "వానికే ఇష్టం లేదు సార్" అంది. వాడు ఇంట్లోనే ఉన్నాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ కాగితం నేనే అతికించాను కదా, ఏం మాట్లాడాలో తెలీలేదు.

తర్వాత పేర్లు మార్చాం. తుంగభద్ర, హగరి, హంద్రీ. ఏ నది పెద్దదో, ఏది చిన్నదో పిల్లలు వాదించుకున్నారు గానీ, ఏ గుంపు వెనకబడిందో బయటివాళ్లకు తెలీదు. పది రోజులకోసారి మళ్లీ ఐదు నిమిషాల పరీక్ష, గుంపు మార్పు. కొంతమందైనా ప్రతిసారీ పైమెట్టుకు కదలాలి. ఎవరూ కదలకపోతే లోపం మనం చెప్పే తీరులో ఉందని లెక్క.

చదవడానికి ఏమివ్వాలి? పెద్ద పిల్లలకు ఒకటో తరగతి పుస్తకం ఇవ్వకండి. పదమూడేళ్ల పిల్లాడి చేత 'అల, వల, తల' చదివిస్తే వాడు నవ్వుతాడు, లేదా కొడతాడు. ఊళ్లో దొరికే అచ్చు కాగితం ఏదైనా మేలే: విత్తనాల ప్యాకెట్, ఎరువు బస్తా, కరెంటు బిల్లు, బస్సు బోర్డు, జాతర కరపత్రం. అన్నింటికన్నా నాకు పనికొచ్చింది పిల్లవాడు చెప్పింది మనం రాసి, అదే వాడితో చదివించడం.

ఏడో తరగతిలో ఒకడుండేవాడు. వాళ్లకు నలభై దాకా మేకలు. వాడికి గుణింతాలు సరిగా రావు, నోరు విప్పడు, కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంటాడు. ఒకరోజు బడి గోడ దూకి వచ్చిన మేకను అందరం తరుముతుంటే వాడు నోటితో ఏదో శబ్దం చేశాడు, మేక ఆగిపోయింది. అప్పుడడిగాను, మేకల గురించి నాకు చెప్పమని. గంటసేపు చెప్పాడు. అందులోంచి ఆరు వాక్యాలు వాడి మాటల్లోనే, యాసతో సహా, తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. "మేక కడుపు ఉబ్బితే ఎడమపక్క చెయ్యి పెట్టి చూడల్ల. డమ్మని సప్పుడు అయితే గాలి ఉన్నట్టు." ఇట్లా. మర్నాడు చదవమంటే చదివాడు. తన మాటే కాబట్టి తర్వాత ఏ పదం వస్తుందో వాడికి తెలుసు. మూడో రోజు వాక్యాలను పదాలుగా కత్తిరించి కలిపేసి ఇచ్చాను. వారానికి ఆ కాగితం వాడి పేరుతో గోడపత్రిక మీదికెక్కింది. తొమ్మిదో తరగతివాళ్లు వచ్చి మా మేకకు ఇట్లా ఉంది, ఏం చేయాలని అడిగేవాళ్లు.

వాడు గొప్పవాడైపోయాడని చెప్పను. పదో తరగతి సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఇప్పుడు ఆదోని మార్కెట్ యార్డులో కాటా దగ్గర ఉంటాడు, తూకం చీటీలు రాసేది వాడే. చాలు నాకు.

లెక్కలు మీ సబ్జెక్టు కాదు గానీ మీ తోటి సారుకి చెప్పండి. కిలో పత్తి తీస్తే ఇంత కూలి, ఈరోజు 43 కిలోలు తీశాం, ఎంత వస్తుందని అడిగితే నోటితో టక్కున చెప్పే పిల్లలు కాగితం మీద అరువు తీసివేత దగ్గర ఆగిపోతారు. కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు చేసిన పరిశోధన 2025లో వచ్చింది. అందులోనూ ఇదే కనిపించింది: బేరంలో తప్పు చేయని పిల్లలు బడి లెక్కలో తడబడతారు, బడి లెక్క బాగా చేసే పిల్లలు సంతలో తడబడతారు. కాబట్టి ముందు నోటి లెక్క చేయించి, దాన్నే కాగితం మీదికి దించమనండి.

రెండు మూడు నెలలు ఇంత చేసినా అంగుళం కదలని పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లను 'మొద్దు' అనకుండా మండల భవిత కేంద్రంలో ఉండే ప్రత్యేక అవసరాల టీచరుకు చూపించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది కూడా ఉంది.

ఇప్పుడు ఆ ఏడ్చే పాప సంగతి.

క్లాసులో అందరి ముందు "ఎందుకేడుస్తున్నావ్" అని అడగకండి. ఏదో ఒక పని చెప్పి మీతో నడిపించండి. హాజరు పట్టీలు మోసుకు రమ్మనండి, మొక్కలకు నీళ్లు పోద్దాం రా అనండి. ఎదురుగా కూర్చోబెడితే చెప్పనివి పక్కన నడుస్తుంటే చెప్తారు. నేను ఎప్పుడూ మొదట అడిగేవి రెండే: పొద్దున ఏం తిన్నావు, రాత్రి ఇంట్లో ఎవరెవరు ఉన్నారు. ఈ రెండింటి జవాబుల్లో సగం కథ ఉంటుంది. తర్వాత ఊరుకోండి. ఆ ఊరుకోవడం మన టీచర్లకు చాలా కష్టం, నాకు తెలుసు.

నా సర్వీసులో ఇలా ఏడ్చే పిల్లలు బాగా గుర్తున్నవాళ్లు నలుగురు. ఒకరికి పన్నునొప్పి, నెల రోజులుగా. ఒకరి నాన్న తాగొచ్చి కొడతాడు. ఒకరికి తొమ్మిదో తరగతిలోనే పెళ్లి ఖాయం చేశారు. నాలుగో పాప ఎందుకు ఏడ్చేదో నాకు చివరిదాకా తెలీలేదు. పదో తరగతి అయ్యాక వెళ్తూ "సార్, మీరు రోజూ తిన్నావా అని అడుగుతారు కదా" అంది, అంతే.

పెళ్లి సంగతి తోటి పిల్లలే ముందు చెప్తారు. అప్పుడు మీరొక్కరే వాళ్లింటికి వెళ్లకండి. హెచ్ఎం గారికి చెప్పి, ఐసీడీఎస్ సూపర్‌వైజరును, సచివాలయం మహిళా పోలీసును కలుపుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు. మా విషయంలో వాళ్లే వెళ్లి మాట్లాడారు, బడి పేరు బయటికి రాలేదు. ఆ పాప పది పూర్తి చేసింది.

ఒక మాట మాత్రం పిల్లలకు ఎప్పుడూ ఇవ్వకండి: "ఎవరికీ చెప్పను, నాకు చెప్పు." ఎవరైనా తాకకూడని తీరులో తాకారని పిల్ల చెప్తే, పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ మీద ఉన్న బాధ్యత. చెప్పకపోతే శిక్ష ఉంది, సంస్థ పెద్దకు ఇంకా ఎక్కువ. మనమే విచారణ చేయకూడదు, పదే పదే చెప్పించకూడదు. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు, సాయం చేయగలవాళ్లకు మాత్రం చెప్తాను" అనండి, అక్కడితో ఆగండి.

మనం డాక్టర్లం కాదు. రెండు వారాలకు మించి తిండి, నిద్ర, మాట మారిపోయిన పిల్లలు, చేతి మీద గాట్లు, చచ్చిపోతాననే మాటలు, వీటిని నాటకమని కొట్టిపారేయకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, టీచరు కూడా ఫోన్ చేసి సలహా అడగొచ్చు. పదో తరగతి గది గోడ మీద ఆ నంబరు, 1098 పెద్దగా రాయించండి. జనవరి నుంచి ఆ పిల్లల టెన్షన్ మామూలుగా ఉండదు. ఇంకా, బెత్తం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బనే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. నా నోటీసు బోర్డు జాబితా దేని కిందికొస్తుందో మీరే ఆలోచించండి.

కొన్నిసార్లు మనసు సమస్య అనుకున్నది పైపు సమస్య అవుతుంది. హాజరు పట్టీ తీసి ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల గైర్హాజరు చూడండి. నెలకు వరసగా మూడు రోజులు ఖాళీలు కనిపిస్తాయి. నేను పనిచేసిన ఒక బడిలో బాలికల మరుగుదొడ్డి బాగానే ఉంది, నీళ్లూ ఉన్నాయి. తాళంచెవి మాత్రం స్టాఫ్ రూములో మగ సార్ల టేబుల్ మీద ఉండేది. వచ్చి అడగాలి. ఏ పాప అడుగుతుంది? తాళంచెవి బాలికల వరండాలో మేకుకు తగిలించాం. ఖర్చు ఒక మేకు. ఇలాంటివి మేడమ్ అయితే తొందరగా కనిపెడతారు, మాకు ఏళ్లు పట్టింది.

తిండి కూడా. ఉదయం ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు రెండో పీరియడుకు తలవాలుస్తారు. రాగిజావ ఇచ్చే రోజుల్లో వీలైనంత పెందలాడే ఇప్పించండి. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే మీ ముందే మింగించండి, లేకపోతే గోడ అవతల దొరుకుతాయి.

మా వైపు ఇంకో పెద్ద సమస్య సుగ్గి. పత్తి, మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు వెళ్లిపోతాయి, పిల్లలూ వెళ్తారు. సీజనల్ హాస్టల్ నడిచిన ఏడాది కొందరు ఆగుతారు. అవ్వ దగ్గర మిగిలిన పిల్లలే ఎక్కువగా మౌనంగా ఉండేది. వెళ్లినవాళ్లకు నేను రాత్రిపూట వాళ్ల నాన్న ఫోనుకు వాయిస్ మెసేజ్ పెట్టేవాణ్ని, రెండు నిమిషాల కథ, చివర ఒక ప్రశ్న. జవాబులు అందరి దగ్గరా వచ్చేవి కావు. వచ్చినవాళ్లు మాత్రం ఏప్రిల్లో బడికి తిరిగొచ్చారు. మీ ఊరికి వలస లేకపోతే ఈ పేరా వదిలేయండి.

శనివారాల విషయానికొద్దాం. నో బ్యాగ్ డే అంటే టీచర్లకు లీజర్, పిల్లలకు అల్లరి అయిపోయే ప్రమాదం ఉంది. అలాగని నిమిషం నిమిషం కార్యక్రమం కూడా పెట్టకండి. ఏడాది పొడవునా నడిచే మూడు పనులు చాలు. మావి తోట, గోడపత్రిక, చెక్కభజన.

చెక్కభజన ఎందుకంటే ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు, డెబ్బై ఏళ్లు, బడి ముఖం చూడనివాడు, వందకు పైగా పాటలు నోటికొచ్చు. శనివారం వచ్చి నేర్పేవాడు. అడుగులు, దరువులు లెక్కపెట్టి వేయాలి, ఒకరు తప్పితే పక్కవాడికి చెక్క తగులుతుంది. క్లాసులో ఒక నిమిషం కుదురుగా ఉండని పిల్లలు అక్కడ ముప్పావుగంట లయ తప్పకుండా ఆడారు. మేం చేసిన తెలివైన పని, ఆయన పాడుతుంటే ఏడో తరగతి పిల్లలు రాసుకోవడం. ఆ పాటల నోటు పుస్తకమే తర్వాత హగరి గుంపుకు వాచకమైంది. ఆయనకు మేం ఇచ్చింది సంక్రాంతికి ఒక పంచె, మధ్యాహ్నం పిల్లలతో పాటు భోజనం. మీ ఊళ్లో చెక్కభజన లేకపోతే కోలాటం ఉంటుంది, తప్పెటగుళ్లు ఉంటాయి, లేదా బాగా కుట్టే ఒక అక్క ఉంటుంది. వెతకండి.

బాధ్యతలు పంచేటప్పుడు కింది మెట్టు పిల్లలకు ముందు ఇవ్వండి. తోట నీళ్ల లెక్క, ఆటసామాను తాళం, ప్రార్థనలో గంట. ఖోఖోలో కెప్టెన్‌ను చీటీ తీసి ఎన్నుకోండి. ఆటలకు డబ్బు లేదంటారు. సమగ్ర శిక్ష క్రీడా గ్రాంటు హైస్కూలుకు ఏడాదికి 25,000, ప్రాథమికోన్నతానికి 10,000 దాకా ఉంటుంది. మీ బడికి ఎంత వచ్చిందో, ఏం కొన్నారో హెచ్ఎం గారిని మర్యాదగా అడగండి, కొత్త టీచరు అడిగితే తప్పేం కాదు.

బాగా చదివే పిల్లల్ని వదిలేయమని కాదు. ఎనిమిదో తరగతివాళ్ల చేత ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తుంది, కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. పల్లెలో ఆ డబ్బు ఒక ఆడపిల్ల ఇంటర్‌ను నిలబెడుతుంది. పిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు ఆలోచనలు పంపించండి, ఎంపికైన పిల్లలకు 10,000. కానీ ఆలోచన పిల్లలదే అయి ఉండాలి, యూట్యూబ్‌ది కాదు. ఫొటోల సంగతి, జరుగుతున్న పనిని ఒక్కరు తీయండి చాలు. ఫొటో కోసం పనిని మళ్లీ చేయించొద్దు, పిల్లలు అన్నీ గమనిస్తారు.

చివరిగా తల్లిదండ్రులు. మెగా పీటీఎంలు, అంటే తల్లిదండ్రులు, టీచర్ల సమావేశాలు, 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న జరిగాయి, పండగలాగే జరిగాయి. అయినా కూలికి పోయే తల్లి పొద్దున పదింటికి వస్తే ఆరోజు కూలి పోతుంది. మీరు రాత్రి ఏడింటికి రచ్చకట్ట దగ్గరికి వెళ్లండి. ఉపన్యాసం ఇవ్వకండి. ఇంట్లో ఉన్న ఏదైనా కాగితం తెమ్మనండి, కరెంటు బిల్లో, ఆస్పత్రి చీటీయో, డ్వాక్రా పుస్తకమో. వాళ్ల పిల్లల చేతే అందరి ముందు చదివించండి, ఆ మెట్టుకు వచ్చిన పిల్లల్నే పిలవండి, రానివాళ్లను ఇబ్బంది పెట్టకండి. మా ఊళ్లో ఒకాయన కరెంటు బిల్లులో పాత బాకీ ఎంతుందో కూతురు చదివి చెప్తే తెలుసుకున్నాడు. మర్నాడు లైన్‌మన్‌తో గొడవ అనుకోండి, అది వేరే కథ. ఆ తర్వాత ఆయన ఖోఖో గురించి ఏమీ అనలేదు, పైగా స్తంభాలకు రెండు కర్రలు పంపించాడు.

మీరిప్పుడు చేయాల్సింది, రేపు పొద్దున ఆ పాపతో హాజరు పట్టీలు మోయించడం, ఏడో తరగతి మొదటి పది మందిని వరండాలో చదివించి చూడటం. రెండు వారాలయ్యాక ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో, పేర్లు లేకుండా, ఇక్కడే కింద రాయండి. ఎంతమంది టీచర్లు మీతో కలిశారో కూడా చెప్పండి. గుంపులు ఎలా కట్టాలో దాన్ని బట్టి చూద్దాం.